భీమమ్మ పట్టిన పిడి

పత్తికొండ చుట్టుపక్కల పల్లెల్లో పెండ్లి కుదిరితే మొదటి పిలుపు ఈరక్కకూ భీమమ్మకూ వెళ్లాల్సిందే. పెండ్లి పసుపు విసరడానికి విసుర్రాయికి అటొకరు ఇటొకరు కూర్చుని ఒకే పిడి పట్టుకునేవారు. ఈరక్క ఒక చరణం ఎత్తుకుంటే, భీమమ్మ దానికి జవాబు అందుకునేది. పక్కగదిలో ఉన్నవాళ్లకు పాడేది ఒకరో ఇద్దరో తెలిసేది కాదు. పన్నెండేండ్లుగా ఇదే వరస.

అయితే మూడేండ్ల నుంచి భీమమ్మకు ఒక చాదస్తం పట్టుకుంది. రాయి లేనిదే పాడదు. కలుపు తీస్తూ పాడమంటే గొంతు బాగలేదంటుంది, బండిలో పాడమంటే దుమ్మంటుంది. ఇదేం వింతో ఈరక్కకు అంతుబట్టలేదు. ఎంత గుచ్చి గుచ్చి అడిగినా భీమమ్మ నవ్వి ఊరుకునేది. "దీనికి పొగరెక్కిండాది" అని ఈరక్క కొన్నాళ్లు మూతి ముడుచుకుంది కూడా.

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు బడిపంతులు శేషన్న వచ్చి, టౌనులో పాటల సభ ఉంది, మైకులో పాడాలి రమ్మన్నాడు.

"రాయి తెస్తేనే వస్తా సారూ" అంది భీమమ్మ.

శేషన్న తల పట్టుకున్నాడు. అయినా రాయి బండెక్కి కర్నూలు చేరింది. తీరా చూస్తే మైకు పెట్టే మనిషి, రాయి గరగరలో పాట వినపడదంటూ దాన్ని పక్కకు తీయించేశాడు.

ఈరక్క మైకు ముందు కూర్చుని ఎత్తుకుంది. చరణం అయిపోయింది. భీమమ్మ అందుకోలేదు. మళ్లీ పాడింది. ఉహూఁ. మైకు అడ్డమొచ్చిన ఈరక్క నోటిని చూడాలని భీమమ్మ మెడ సాచి తంటాలు పడుతోంది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి.

ఈరక్క పక్కకు జరిగి అడిగింది: "ఏమాయె భీమమ్మా? పాడు."

"అక్కా, నాకు చెవులు పోయి మూడేండ్లాయె. మాటలైతే నోరు చూసి పోల్చుకుంటా, నీ పాట మాత్రం పిడి పట్టుకుంటేనే తెలుస్తాది. నువ్వు ఊపిరి తీసుకునేకాడ నీ చెయ్యి తేలికైతాది, ఆడ అందుకుంటా. చెప్తే ఇంకొకర్ని ఎతుక్కుంటావని భయపడితి."

గుట్టుగా చెప్పాననుకుంది పాపం. తన గొంతెంత పెద్దదో తనకు తెలియదు కదా, మైకు అందరికీ వినిపించేసింది.

ఇన్నాళ్లూ పొగరనుకున్నందుకు ఈరక్కకు ఏడుపొచ్చింది. భీమమ్మ చేతిని పిడికిలిగా ముడిచి, దానిపైన తన చెయ్యి వేసి, లేని రాయిని తిప్పుతూ పాట ఎత్తుకుంది. చరణం చివరికొచ్చింది. చెయ్యి తేలికైంది.

భీమమ్మ అందుకుంది.