పెద్దక్కకు పీట

గుండీలు కుట్టే ముసలమ్మ రోజూ పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, కిటికీ పక్కన ఒక ఖాళీ పీట వేసేది. అది పెద్దక్కకు. పెద్దక్కను ఏ తల్లీ కనలేదు. ఒకప్పుడు కుట్టుపని చేసే ఆడవాళ్లంతా కలిసి కూర్చుని, ఒకే మనసుతో తలుచుకుని తలుచుకుని ఆమెను తయారుచేసుకున్నారు. ఎవరింట్లో జబ్బు చేసినా అందరూ కళ్లు మూసుకుని ఆమెను ఆ మంచం దగ్గరికి పంపేవారు. అంతమంది తలిస్తేనే ఆమెకు బలం. పెద్దక్క చీర రంగు దగ్గర మాత్రం పేచీ తెగలేదు. ముసలమ్మ ఆకుపచ్చ అనేది, ఆమె నేస్తం నీలం అనేది. "పచ్చ చీర కడితే చిలకనుకుని జామకాయ పెడతారే!" అని నేస్తం వెక్కిరించేది.

ఆ ఆడవాళ్లు ఒక్కొక్కరే పోయారు. చివరికి నేస్తం మంచం పట్టినప్పుడు ముసలమ్మ ఒక్కతే కూర్చుని పెద్దక్కను తలుచుకుంది. ముఖం సగమే వచ్చింది. నేస్తం దక్కలేదు.

మర్నాడు పొద్దున పీట వేస్తూ ముసలమ్మ కోడలిని పిలిచింది. "నేను పోయాక రోజూ ఒక్కసారి పెద్దక్కను తలుచుకోమ్మా. ఏమీ అడగొద్దు, ఊరికే పలకరించు. ఇంతమందికి తోడుంది, పాపం, ఒంటరిదైపోతుంది."

"ఏ చీరలో తలుచుకోను అత్తయ్యా?"

ముసలమ్మ పీటను కొంగుతో తుడిచింది.

"నీలం చీరలోనే తలుచుకో," అంది.