పాటలు మాత్రం చాలన్నాను

మొన్న ఆదివారం మా కోడలు, మా అమ్మ పాడిన మంగళహారతులన్నీ ఫోనులోకి ఎక్కించి, గుప్పెడంత స్పీకరులో పెట్టి, ఎంత స్పష్టంగా వినబడుతున్నాయో చూడండి మావయ్యగారూ అని మురిసిపోయింది. అంత స్పష్టంగా వినబడటానికి కారకుణ్ణి నేనే గనక, తలూపి, వరండాలోకి వచ్చి కూర్చున్నాను.

తొంభైల మొదట్లో మండపేటలో మా ఇంట టేపురికార్డరుకి జరిగిన మర్యాద నాకు జరగలేదు. దాని మీద అమ్మ కుట్టిన పూలగుడ్డ, పక్కన కేసెట్ల పెట్టె, రీలు వదులైతే బిగించడానికో పెన్సిలు, మన ఈడు వాళ్ళకి ఇవన్నీ చెప్పక్కర్లేదు. రైసుమిల్లులో గుమాస్తా అయిన మా నాన్నకి, పేరంటాలకి ఊరంతా పిలిచే అమ్మ గొంతు పదిలంగా దాచాలని కోరిక. ఓ సెలవునాడు మధ్యాహ్నం ఖాళీ కేసెట్టు కొనుక్కొచ్చి, అమ్మని ఎదురుగా కూర్చోబెట్టి, రెండు మీటలూ కలిపి నొక్కారు. అమ్మకి పాటలు బాగా వచ్చుగానీ చరణాల వరస తప్పేది. ఆవిడ ఆగినప్పుడల్లా నాన్న పక్కనుంచి మాట అందించడం, అమ్మ "ఆఁ, గుర్తొచ్చిందండీ" అని మళ్ళీ ఎత్తుకోవడం, మధ్యమధ్య ఆయన పొడిదగ్గు, వీధిలో ధాన్యం లారీ హారను, అన్నీ అందులో పడ్డాయి. ఆ ఏడాది తిరక్కుండానే నాన్న పోయారు.

అప్పట్నించీ అమ్మ రోజూ భోజనాలయ్యాక ఆ కేసెట్టు పెట్టుకునేది. నీ పాట నువ్వే విని మురిసిపోతున్నావా అని నేను ఆటపట్టిస్తే నవ్వి ఊరుకునేది. ఆ నవ్వేమిటో ఆలోచించే బుద్ధి నాకుంటే ఇదంతా రాసే పని ఉండేది కాదు.

పదేళ్ళు గడిచేసరికి రీలు అరిగి గొంతు సాగడం మొదలైంది. ఈలోగా సీడీలొచ్చాయి. అమ్మకి కొత్త ప్లేయరు కొని, పాటలు సీడీలోకి మార్పిద్దామని రాజమండ్రిలో ఓ షాపుకి కేసెట్టు పట్టుకెళ్ళాను. షాపాయన కాస్త విని, మధ్యలో మాటలూ దగ్గులూ ఉన్నాయండి, ఉంచమంటారా అని మర్యాదగానే అడిగాడు. అవి నాన్నవని నాకు తెలియక కాదు. చుట్టాలందరికీ పంచే సీడీలో దగ్గులు నామోషీ అనిపించి, పాటలు మాత్రం చాలండి, మిగతా చెత్తంతా తీసేయండి అన్నాను. అవును, చెత్త అనే అన్నాను. అరిగిపోయిన కేసెట్టు మాత్రం ఏం చేసుకుంటాం, పారేయండి అన్నదీ నేనే.

నాలుగు రోజులకి సీడీ తెచ్చి గొప్పగా పెట్టాను. మొదటి పాట రెండో చరణం దగ్గర అమ్మ తల పక్కకి తిప్పింది. పాట ఆగకుండా సాగిపోయింది. చివరిదాకా కదలకుండా విని, "మీ నాన్నగారేరిరా?" అంది.

మర్నాడు మొదటి బస్సుకే రాజమండ్రి పరిగెత్తాను. కేసెట్టు చెత్తబండిలో వెళ్ళిపోయింది. కత్తిరించిన ముక్కలు కంప్యూటరులో కూడా ఉంచలేదన్నాడాయన, తప్పు తనదైనట్టు నొచ్చుకుంటూ. అమ్మ నాలుగు తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. బతికినన్నాళ్ళూ ఆ సీడీయే వినేది. ఆ చరణం దగ్గరికి వచ్చేసరికి "ఆఁ, గుర్తొచ్చిందండీ" అని మెల్లగా అనేది, ఆవిడ అనేలోపే పాట ముందుకు వెళ్ళిపోయేది.

కేసెట్టు పోయి సీడీ వచ్చింది, సీడీ పోయి ఫోను వచ్చింది, వచ్చిన ప్రతిదీ ముందుదాని కంటే శుభ్రంగానే పాడుతోంది. మన రోజుల్లో పాట వెనక ఓ ఇల్లు కూడా వినబడేది, దాన్ని వద్దనుకున్నది మనమే. మొన్న వరండాలో కూర్చుని వింటూ, రెండో చరణం దగ్గర నాన్న అందించే మాట నేనే అందించి చూశాను. మాట గుర్తుంది గానీ, ఎంతసేపు కూర్చున్నా ఆయన గొంతు గుర్తు రాలేదు.