పొడుగు ముక్కు ముందు పీట

1979 అక్టోబరు 6, శనివారం, ఉదయం 10:20. దసరా సోమవారమే అయిపోయింది. అమెరికాలో మా ఊరు ట్రాయ్‌లో తెలుగువాళ్లందరిలాగే మేమూ పండగను శనివారానికి జరిపాం.

మా వారు ఒక ట్రక్కుల కంపెనీలో ఇంజనీరు. ఇంజను ముందుకు పొడుచుకొచ్చే పొడుగు ముక్కు ట్రక్కుకు మూడేళ్లుగా డ్రాయింగులు గీశారు. ఆ రోజుల్లో చాలా రాష్ట్రాలు ట్రక్కును ముందు బంపరు నుంచి ట్రెయిలరు చివరిదాకా కొలిచి, ఇంతకు మించకూడదని హద్దు పెట్టేవి. ముక్కు అడుగు పెరిగితే సరుకు అడుగు తగ్గాలి. అందుకని ముక్కులేని డబ్బా బళ్లే ఎక్కువ అమ్ముడయ్యేవి. పైగా డ్రైవరుకు ఎదురుగా నేల కనపడదని మా వారి పై అధికారి అభ్యంతరం. కనపడుతుందని మా వారు పదకొండు పేజీల నివేదిక రాశారు. ఈ ట్రక్కును ఉంచాలో మానాలో ఆ ఉదయం యార్డులో బండిని చూసి తేలుస్తానన్నాడు అధికారి.

ఆయుధపూజ కదా, మా వారు కుడి చక్రానికి ఎదురుగా పీట వేసి, లెక్కలు చేసుకునే స్లయిడ్ రూలు, కంపాస్ పెట్టె, నివేదిక ఉంచి బొట్లు పెట్టారు. ముందు చక్రాల కింద రెండు నిమ్మకాయలు. కొబ్బరికాయ నేను కొట్టాను, నేలమీదే. హారతి గంట మోగడం ఆగగానే నిమ్మకాయల మీదుగా పోనివ్వమని డ్రైవరుకు ముందే చెప్పి ఉంచారు.

"ఏవండీ, పీట తీసేద్దామా? పైనున్న అతనికి కనపడదేమో."

"కనపడుతుంది, ఆగుతాడు. పదకొండు పేజీలు ఊరికే రాశానా?"

గంట ఆగింది. డ్రైవరు ఆగలేదు.

అధికారి అతన్ని కిందికి పిలిచి ఏం కనపడిందని అడిగాడు. బానెట్టు, ఆపైన ఆకాశం అన్నాడతను. అధికారి నవ్వలేదు. నివేదిక మీది టైరు అచ్చు చూసి, ఇక తన సంతకం అక్కర్లేదన్నాడు. వాళ్లు వెళ్లాక నేను సీటెక్కి చూసి, దిగి జాకెట్లు కొలిచే టేపుతో కొలిచాను. బంపరు ముందు పద్దెనిమిది అడుగుల నేల కనపడదు. ఆ సంగతి మా వారికి 1991లో చెప్పాను.

సోమవారం పొడుగు ముక్కు పని ఆపేశారు. 1983లో చట్టం మారి, పెద్ద రహదారుల మీద ట్రెయిలరును మాత్రమే కొలవడం మొదలైంది. పొడుగు ముక్కులు తిరిగొచ్చాయి. తనకు మొదటినుంచీ ముక్కంటే ఇష్టమని అదే అధికారి విందులో ప్రసంగించాడట. అప్పటికి మా వారు వేరే కంపెనీలో ఫ్రిజ్ తలుపుల పిడులు గీస్తున్నారు.

పోయినవి: స్లయిడ్ రూలు ఒకటి, కంపాస్ పెట్టె ఒకటి, పీట ఒకటి, నివేదిక పదకొండు పేజీలు, మూడేళ్ల పని. నిమ్మకాయలు రెండూ పోవలసినవే కనుక లెక్కలో వేయలేదు.