మిర్చి కొరికిన బొమ్మలకు పోస్ట్‌మార్టమ్ చేసిన యాదగిరన్న

యాదగిరన్న లేడు.

రాస్తుంటే కూడా నమ్మబుద్ధి కావడం లేదు.

నిన్న సాయంత్రం తార్నాకలో ఒక పెట్ షాప్‌లో నిలబడి, రబ్బరు బొమ్మ మీద బొటనవేలి గోరు నొక్కి చూస్తున్నాను. ఫోన్ మోగింది. క్యాంపస్ వర్క్‌షాప్‌లో ఆయనతో పనిచేసే శ్రీనివాస్.

"మేడమ్, మన యాదన్న పోయిండు. పొద్దుగాల హార్ట్ అటాక్ వచ్చింది."

"ఏ యాదన్న?" అన్నాను. ఎంత పిచ్చి ప్రశ్న! నాకు తెలిసిన యాదన్న ఒక్కడే.

లాలాపేట్‌లో వాళ్ళింటికి వెళ్ళేసరికి ముందు టెంట్ వేసి ఉంది. వాళ్ళావిడ నన్ను చూసి, "కుక్క మేడమ్ మీరేనా? ఇంట్ల రోజు మీ కుక్క ముచ్చటనే" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. యాదగిరన్న మా ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాప్‌లో లేత్ మెషీన్ మెకానిక్. జన్మలో కుక్కను పెంచలేదు. కానీ నా మిర్చి ఇవాళ నా దగ్గరే ఉందంటే ఆయన పుణ్యమే.

మిర్చి వీధికుక్క. రెండేళ్ళు. ఒక్క క్షణం కుదురుగా ఉండదు. నేను క్లాసులు చెప్పి ఇంటికొచ్చేసరికి సాయంత్రమయ్యేది. ఆలోపు చెప్పులు, సోఫా, చివరికి తలుపు ఫ్రేమ్ కూడా కొరికి పెట్టింది. హౌస్ ఓనర్ అంకుల్ తేల్చి చెప్పేశారు. "నెలాఖరుకి కుక్కనైనా పంపండమ్మా, ఇల్లైనా ఖాళీ చెయ్యండి."

అన్‌బ్రేకబుల్ అని రాసి ఉన్న బొమ్మ ఏది కొన్నా పది నిమిషాలే. ఇక లాభం లేదని ఒక కొలీగ్ వాళ్ళ ఫామ్‌లో వదిలేద్దామని మాట్లాడుకున్నాను కూడా.

ఆ వారమే, క్యాంపస్‌లో మార్నింగ్ వాక్‌లో, చిరిగిన బొమ్మను డస్ట్‌బిన్‌లో వెయ్యబోతుంటే వెనక నుంచి ఒక గొంతు.

"పారెయ్యకుండ్రి మేడమ్. జర ఇటియ్యుండ్రి. ఏడ తెగిందో చూస్త."

అదీ మా పరిచయం.

అప్పటినుంచి చచ్చిన ప్రతి బొమ్మా వర్క్‌షాప్ బెంచీ మీదికే. పేపర్ పరిచి, ముక్కలన్నీ వరసగా పేర్చి, అద్దాలు సవరించుకుని చూసేవాడు. పోస్ట్‌మార్టమ్ అనేవాడు దాన్ని. నవ్వుతూ కాదు, సీరియస్‌గానే!

నాలుగో బొమ్మకు విషయం దొరికింది. "అన్ని కుట్టు కాడనే తెగినయి, చూసిండ్రా? ఇది కొరుకుతలేదు మేడమ్, ఇప్పుతున్నది. లోపల కీచుమంటున్నది ఏందో చూడాలె దానికి. నా లెక్కనే ఉన్నది ఇది."

తాడు బొమ్మ వద్దన్నాడు. పోగులు మింగితే పేగుల్లో చుట్టుకుంటాయట. నోట్లో మొత్తం పట్టేంత చిన్నదీ వద్దన్నాడు.

తర్వాత మెషీన్ మనిషి చేసే తప్పే చేశాడు.

అతుకే లేకపోతే ఇప్పేదెట్లా అని, గట్టి నైలాన్ రాడ్‌ను లేత్ మీద తిప్పి డంబెల్ లాంటిది చేసి ఇచ్చాడు. "ఇగ దీన్ని ఇప్పమనుండ్రి" అన్నాడు గొప్పగా. మూడో రోజు మిర్చి వెనక పన్ను చిట్లింది. డాక్టర్ నన్ను చెడామడా తిట్టారు. నేను వచ్చి యాదన్నను తిట్టాను. ఆ మాటలకు ఇప్పుడు సిగ్గేస్తోంది.

వారం రోజులు మా దారిలో కనిపించలేదు. ఎనిమిదో రోజు తనే వచ్చాడు. ఆ డాక్టర్ దగ్గరికే వెళ్ళి, లైన్లో కూర్చుని, అడిగి తెలుసుకుని వచ్చాడు.

"మెషీన్ పార్ట్ లెక్క ఆలోచన జేసిన మేడమ్. అరగొద్దనుకున్న. బొమ్మ అరగాలె, పన్ను మిగలాలె. గోరు నొక్కితె జర లోపలికి పోవాలె, లేకుంటె కొనకుండ్రి."

ఇద్దరం కలిసి తార్నాకలో షాపులన్నీ తిరిగాం. ప్రతి బొమ్మనూ గోటితో నొక్కుతుంటే షాపువాళ్ళు మమ్మల్ని వింతగా చూశారు. చివరికి దొరికింది. మందపాటి రబ్బరు, లోపల డొల్ల, ఎక్కడా అతుకు లేదు. అందులో పెరుగన్నం కూరి ఫ్రీజర్‌లో పెట్టి ఇమ్మన్నాడు. "లోపల ఏమన్న ఉండాలె గదా మరి, ఇప్పేటోళ్ళకు!"

మిర్చి ముప్పావుగంట దాంతో కుస్తీ పట్టి, అలిసిపోయి నిద్రపోయింది. తలుపు జోలికి మళ్ళీ వెళ్ళలేదు. నెలాఖరు వచ్చింది, పోయింది. ఓనర్ అంకుల్ ఆ మాట ఇక ఎత్తలేదు.

మొన్న మధ్యాహ్నం యాదన్న వాయిస్ మెసేజ్ పంపాడు.

"మేడమ్, ఒకటి అడగాలె. అన్నమంత తిన్నంక గూడ ఖాళీ బొమ్మ నోట్ల వట్టుకొని మీ దగ్గర్కే ఎందుకొస్తది? మల్ల నింపమనా? ఇంకేమన్ననా? జర చూసి చెప్పుండ్రి."

మీటింగ్‌లో ఉన్నాను. థంబ్స్ అప్ పెట్టాను.

ప్రశ్న అడిగిన మనిషికి థంబ్స్ అప్!

ఇవాళ పొద్దున కాలేజీకి సెలవు పెట్టి నేల మీద కూర్చున్నాను. మిర్చి ఖాళీ బొమ్మ తెచ్చింది. నింపి ఇచ్చాను. వాసన చూసింది, తినలేదు. మళ్ళీ నోట కరుచుకుని వచ్చి నా అరచేతిలోకి నెట్టింది. ఏమీ తోచక ఒక పక్క పట్టుకున్నాను. అంతే! రెండో పక్క పట్టి లాగడం మొదలుపెట్టింది. తోక ఆగదు. నేను వదిలేస్తే మళ్ళీ తెచ్చి చేతిలో పెట్టడం. గంటసేపు అదే ఆట.

నేను లేకుండా అది ఎంతసేపు ఉండగలదా అనే ఇన్నాళ్ళూ బొమ్మలు వెతికాను. పక్కన కూర్చుని ఒక్కరోజూ ఆడలేదు.

యాదన్నా, మీరు అడిగినట్టే చూశాను. నన్నూ ఆడమంటోంది.

మొన్ననే చూసి ఉంటే మీరు వినేవారు.

శ్రమ చాలు అన్నా, హాయిగా విశ్రాంతి తీసుకోండి. మీ ఆత్మకు శాంతి కలగాలి.