అయిదిళ్ల గుడ్డల పుస్తకం

పెంటమ్మ అనే పిల్ల మూడేళ్లకు కొంచెం తక్కువ కాలం ఈ లోకంలో ఉండి వెళ్లిందని చెప్పగలవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను గనుక ఈ సంగతి రాసిపెట్టవలసి వచ్చింది. నిన్న మా కోడలు మనవరాలికి గుడ్డతో పుస్తకం కుడుతూ, ఒక పుటలో గుండీలు, ఒక పుటలో జిప్పు, మరొక పుటలో ముడివేసే బొందు అమరుస్తుంటే, కొత్త గుడ్డ గంజి వాసన గదంతా నిండింది. నేను లేచి బయటికి వెళ్లిపోయాను.

మాది హుజూరాబాద్ వైపు చిన్న ఊరు, నేత కుటుంబం. బాపు సాంచా నడిపేవాడు. మరమగ్గాన్ని మా వైపు అలాగే అంటారు. అవ్వ, అంటే అమ్మ, పక్కనే కూర్చుని నూలు కండెలు చుట్టేది. వానాకాలంలో తడిసిన గోడల వాసన, యంత్రపు నూనె వాసన, గంజి వాసన కలిసి అన్నంలోకి కూడా వచ్చేవి. బతుకమ్మనాటి సత్తుపిండి ముద్ద కొరికినా నాలుకకు నూలుపోగు తగిలేది. నా తర్వాత పుట్టిన ఇద్దరు దక్కలేదు. అందుకని వారి తర్వాతి బిడ్డను పుట్టగానే పెంటకుప్ప మీద క్షణంసేపు పడుకోబెట్టి, తెచ్చి, పెంటమ్మ అని పేరు పెట్టారు. మూడేళ్లు నిండేవరకు ఆ పిల్లకు సొంతింటి గుడ్డ తగలకూడదు, తగిలితే దక్కదని నమ్మకం; అయిదిళ్లలో అడిగి తెచ్చిన పాతగుడ్డలే కుట్టి తొడగాలి. బట్టలు నేసే ఇంట్లో మా చెల్లెలు ఊరందరి రంగులూ వేసుకుని తిరిగేది.

నడక వచ్చాక ఆమె సాంచాను తిప్పే తోలు పట్టా వైపే పోతుంటే, ఒకచోట కూర్చోబెట్టడానికి అవ్వ గుడ్డ పుస్తకం తలపెట్టింది. దానికీ అదే నియమం: అయిదు పుటలు, అయిదిళ్లు. గుండీలు, కొక్కేలు, లంగా బొందు, గుడ్డ చిలుకను దాచే జేబు, ఇలా నాలుగు పుటలు పూర్తయ్యాయి. అయిదో ముక్కకు నన్ను, అందరూ ఖాలా అని పిలిచే దర్జీ ఇంటావిడ దగ్గరికి పంపింది. ఆమె నా తల నిమరకుండా ఏదీ ఇచ్చేది కాదు. అయినా నేను ఆ ఇంటిదాకా పోలేదు. బడిలో నేను తరగతి నాయకుణ్ణి. దారిలో నల్లా దగ్గర నా తోటివాడొకడు అందరికీ వినపడేలా అడిగాడు.

"ఏంది లీడర్ సాబ్, ఇయ్యాల ఏ ఇంట్ల పేలికలు?"

వెనక్కి తిరిగాను. సాంచా కింది గంపలోంచి తెల్లముక్క ఒకటి తీసి, మట్టిలో రుద్ది, ఖాలా ఇచ్చిందని అవ్వకు చెప్పాను. ఆమె దాని అంచును బొటనవేలితో ఒకసారి తడిమి, నా ముఖం చూసి, సూదిలో దారం ఎక్కించుకుంది. తెరిచి మూసే తలుపున్న ఇల్లు కుట్టింది. చెల్లెలికి ఆ పుటే ప్రాణమైంది.

బతుకమ్మ ఇంకా పదిరోజులుందనగా జ్వరం వచ్చింది. నాలుగోనాడు పోయింది. పుస్తకాన్ని పిల్ల పక్కన గుంతలో పెట్టబోతుంటే అవ్వ దాన్ని అందుకుని, అయిదో పుటను పళ్లతో దారం కొరికి విడదీసి, కొంగులో ముడివేసుకుంది. ఇంటికి వచ్చాక నాతో ఒక్కసారే అన్నది.

"ముట్టంగనే ఎరుకైంది కొడుకా. మీ బాపు నేసిన గుడ్డ నాకు ఎరుక గాదా? నిన్ను మల్ల పొమ్మన బుద్ధి గాలే. కుట్టింది నేనే."



జ్వరాలు నీటివల్ల, దోమలవల్ల వస్తాయని ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి. నేటికీ అదే నమ్ముతాను. మా వాడలో ఇప్పుడు సాంచాల చప్పుడు లేదు. పిల్లలకు పెంటమ్మ అని పేరు పెట్టేవారు లేరు; పాతగుడ్డ అడిగితే తల నిమిరి ఇచ్చే ఇళ్లూ లేవు. కోడలు గుడ్డలు అంగట్లో కొన్నది. చివరి పుటకు మాత్రం నా పాత పంచె ముక్క అడిగింది. ఇంకా ఇవ్వలేదు.

ఈ ఆచారాన్ని చెప్పడంలో నేను పొరబడి ఉంటే తెలిసిన పెద్దలు దిద్దగలరు. ఒంటి మీది బట్టకే గాని ఆటవస్తువుకు ఆ నియమం లేదని ఎవరికైనా రూఢిగా తెలిసి ఉంటే, దయచేసి నాకు చెప్పండి.