నా పేరు మీద ఖాజా భాయ్ శాంపిల్

తొంభైల మధ్యలో గల్ఫ్‌లో, నజ్మా అనే పేటలో ఓ హోటల్లో పరోటాలు చేసేవాణ్ణి. ఒక ఉదయం పిండి పిసుకుతుంటే ఒళ్ళు వెచ్చబడింది. ఎండదెబ్బ అనుకున్నాను. వారమైనా సాయంత్రమయ్యేసరికి జ్వరం, నాలుక మీద తెల్లటి పూత. జ్వరానికి పనాడోల్ మాత్ర మింగి డ్యూటీకి వెళ్ళాను. ఆ చేతులతో ఎంతమందికి పెట్టానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అదే నెలలో హెల్త్ కార్డు రెన్యువల్ వచ్చింది. వంటవాళ్ళకు స్టూల్ కల్చర్, అంటే మలంలో రోగక్రిములున్నాయేమో చూసే పరీక్ష, తప్పనిసరి. ఫెయిలైతే వీసా క్యాన్సిల్ చేసి పంపేస్తారని నా భయం. మా గదిలో ఉండే ఖాజా భాయ్ టైలరు, నిజామాబాద్ వైపు మనిషి. అతను తుమ్మగా కూడా నేను చూడలేదు. నా పేరు రాసిన శాంపిల్ సీసా అతని చేతిలో పెట్టాను.

"గింతదానికి భయమెందుకు తమ్మీ? నాకేం రోగం లేదు, నాది ఇయ్యి" అన్నాడు.

ఐదో రోజు పిలిపించారు. మలయాళీ డాక్టరమ్మ రిపోర్టు చూసి, "టైఫాయిడ్ పాజిటివ్. కిచెన్ మాఫీ, ఇక వంటగదిలోకి వెళ్ళకూడదు" అంది. జ్వరం నాది, పాజిటివ్ అతనిది. సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలు రాసిస్తే తెచ్చుకున్నాను. నాదీ టైఫాయిడే అయితే, నోరు మూసుకుని మింగితే నాకు తగ్గిపోతుంది.

మర్నాడు శుక్రవారం. ఖాజా భాయ్ ఎప్పటిలాగే పెద్ద బేసిన్‌లో అన్నం, ఆవకాయ కలిపి అందరి అరచేతుల్లో ముద్దలు పెడుతున్నాడు. నేను చెయ్యి చాపలేదు. పై నెల అతను సెలవు మీద ఊరెళ్ళాలి. ఇంకా చూడని ఏడాది బిడ్డకు తన చేత్తో అన్నం తినిపిస్తానని రోజూ చెప్పేవాడు. బయటికి పిలిచి ఉన్నది చెప్పాను.

అతను ఆవకాయ అంటిన చేతులు చూసుకున్నాడు. "నా చేతులతోనే అందరికి పెట్టిన గద" అన్నాడు. తర్వాత, "పోదాం పా. డాక్టరమ్మకు చెప్దాం."

ఆమె ఇద్దరినీ చెడామడా తిట్టింది. ఎప్పుడైనా జ్వరం వచ్చిందా అని అతన్ని అడిగింది.

"పోయినసారి సెలవుల ఊర్లె వచ్చింది మేడమ్. తగ్గింది."

"నీకు తగ్గింది. క్రిమి పిత్తాశయంలో, అంటే గాల్ బ్లాడర్‌లో ఉండిపోయింది. నువ్వు జ్వరం లేకుండానే అందరికీ అంటించే క్యారియర్‌వి" అంది.

నాకు రక్తపరీక్ష చేస్తే టైఫాయిడే. గదిలో అందరికీ పరీక్షలు చేస్తే ఇంకొకరికీ బయటపడింది. నాకు రెండు వారాల్లో తగ్గింది. హోటల్ ఉద్యోగం మాత్రం పోయింది, వేరే కంపెనీలో స్టోరు పని చూసుకున్నాను. ఖాజా భాయ్‌కి నెల రోజులు మాత్రలు వాడినా మళ్ళీ పాజిటివ్ వచ్చింది. చివరికి గాల్ బ్లాడర్ తీసేశారు. వరసగా మూడు కల్చర్లు నెగెటివ్ వచ్చాకే విమానమెక్కాడు.

ఇప్పుడు పాలకొల్లులో టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. పనివాళ్ళకు నేనే దగ్గరుండి పరీక్షలు చేయిస్తాను. మీ ఇంట్లో ఒకరికి టైఫాయిడ్ వస్తే, కలిసి తినేవాళ్ళందరికీ కల్చర్ చేయించండి. జ్వరం లేదని వండేవాళ్ళను వదిలేయకండి. ఖాజా భాయ్ ఊరు చేరేసరికి బిడ్డ తన చేత్తో తనే తింటోంది. అతను ఎదురుగా కూర్చుని చూశాడట.