వాల్తేరు స్టేషన్లో దిగిపోయాం

విశాఖపట్నంలో కాపురం పెట్టాలని మేమెవరమూ అనుకోలేదు. స్టేషన్ కట్టిన తీరు వల్ల పెట్టాం.

అప్పట్లో దాన్ని వాల్తేరు స్టేషన్ అనేవారు. మద్రాసు వైపు పోయే పెద్ద లైను ఊరికి ఎడంగా పోతుంది. అందులోంచి పట్టాలు చీల్చి ఊళ్లోకి తెచ్చారు. స్టేషన్ దాటితే హార్బరు, ఆపైన సముద్రం. అందుకని లోపలికొచ్చిన బండికి ఇంజను తీసి రెండో చివర తగిలిస్తారు. వచ్చిన దారినే కొంతదూరం పోయి, అక్కణ్ణుంచి మద్రాసు దారి పడుతుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

డెబ్బైల మొదట్లో నాకు పెళ్లైంది. మా ఆయన ఫిట్టరు. ఏలూరు మిల్లులో పని దొరికింది. మా కాపురం సర్దిపెట్టడానికి అత్త కూడా బయల్దేరింది. ఆమదాలవలసలో పాసింజరు ఎక్కాం. అత్తకి అదే మొదటి రైలు ప్రయాణం.

వాల్తేరులో బండి చాలాసేపు ఆగింది. మా ఆయన టీ తాగడానికి దిగారు. కాసేపటికి బండి కుదిపి, వచ్చిన వైపుకే కదిలింది. అత్త లేచి నిలబడింది.

“ఓలే, బండి ఎనక్కెల్తంది! మళ్లీ మనూరే తీసుకుపోతన్నాడు. దిగు!”

“ఆయన్ని రానియ్యండత్తా.”

“ఆడు కిందే ఉన్నాడు. మనవే బండిలో ఉన్నాం. దిగవే!”

ఆ మాట నాకూ నిజమే అనిపించింది. అత్త పరుపుచుట్ట తోసింది. తర్వాత ట్రంకు పెట్టె తోసింది. తర్వాత నన్ను తోసి, తనూ దిగింది. పెట్టె మూత ఊడి, ఇత్తడి గిన్నెలు ప్లాట్‌ఫారం మీద దొర్లాయి.

సరిగ్గా అప్పుడే మా ఆయన పరుగెత్తుకొచ్చి బండి చివరి పెట్టెలో ఎక్కారు, మేం లోపలున్నామనుకుని. ఆ పెట్టె మా ముందునుంచే పోయింది. గుమ్మంలో ఆయన మమ్మల్ని చూశారు. నోరు తెరిచారు. బండి వేగం అందుకుంది. పెళ్లై నెల తిరక్కుండానే ఆయన అలా వెళ్లిపోతుంటే నేను ఒక గిన్నె పట్టుకుని నిలబడ్డాను.

కూతుర్ని అదే బండి ఎక్కించడానికి వచ్చిన ఒక ముసలాయన గిన్నెలు ఏరిపెట్టాడు. పాతూరులో ట్రంకు పెట్టెలు చేసే సాయిబు గారు. అత్త ఆయనకి సంగతి చెప్పింది.

“ఇక్కడ అన్ని బండ్లూ అంతేనమ్మా. అటే సముద్రముంది, ఎక్కడికి పోతాయి? అది ముందుకే పోతంది.”

“ఎనక్కెల్లేదాన్ని ముందుకంటావేటి బాబూ? నాను కళ్లారా సూసినాను.”

ఆయన మా దగ్గరే కూర్చున్నాడు. మధ్యాహ్నానికి మా ఆయన దువ్వాడ స్టేషన్లో దిగి, ఎదురు బండి పట్టుకుని వచ్చారు. తల్లిని వదిలేసి నన్నే అడిగారు.

“నువ్వెందుకు దిగినావు?”

“అత్త తోసేసింది,” అన్నాను. అది పూర్తిగా నిజం కాదు గాని, ఆయన నమ్మారు.

ఆ రాత్రికి సాయిబు గారు తన దుకాణం వెనక గదిలో ఉండమన్నారు. వాళ్లావిడ మాకు అన్నమూ చేపల పులుసూ పంపింది. పొద్దున్న స్టేషన్‌కి బయల్దేరబోతే అత్త లేవలేదు.

“ఆ బండి నానెక్కను. మీరెల్లండి. నానిక్కడే ఉంతాను.”

“ఇక్కడ నీకెవరున్నారమ్మా?”

“ఈ సాయిబు గారోళ్లు నేరా?”

రెండు మూడు రోజులు బతిమాలాం. ఈలోగా ఏలూరులో పని వేరేవాళ్లకిచ్చేశారని తెలిసింది. సాయిబు గారి బావమరిది హార్బరు దగ్గర ఒక వర్క్‌షాపులో ఉండేవాడు. అక్కడ ఫిట్టరు కావాలంటే మా ఆయన చేరారు. వెనక గది కొన్నాళ్లకి అద్దె గది అయింది. అత్తా, సాయిబు గారి భార్యా కలిసి చేపల బజారుకెళ్లి, ధర దగ్గర ఒకరికొకరు సాక్ష్యం చెప్పుకునేవారు.

ఎనభైల్లో స్టీలు ప్లాంటు పని మొదలయ్యాక మా ఆయన అందులోకి మారారు. మద్దిలపాలెంలో ఇల్లు తీసుకున్నాం. వైజాగ్‌కి ఎలా వచ్చారని తోటివాళ్లు అడిగితే, మా ఆయన ట్రాన్స్‌ఫర్ మీద వచ్చామని చెప్పేవారు.